కారణము లేని నవ్వు: ఎందుకు? ఎలా?

హాస్యము గాని చక్కిలిగింత గాని లేకయే ఒక శిశువు మాటిమాటికి నవ్వుచు, ఆ నవ్వు వచ్చినంత హఠాత్తుగానే ఆగిపోవుచున్నచో, నంద్యాలలోనైనను ఆళ్లగడ్డలోనైనను పెద్దలు దానిని ముచ్చటగానో గాలిచేష్టగానో తలంపవచ్చును. కాని అది మూర్ఛవ్యాధి యొక్క ఒక రూపము కావచ్చును.

ఎందుకు?

ఆకలిని, నిద్రను, దేహోష్ణమును, ఎదుగుదలను పాలించు హైపోథాలమస్ మెదడు అడుగున కలదు. గర్భస్థ శిశువు రూపొందు కాలమున అచ్చటి కణములు క్రమము తప్పి ముద్దగట్టినచో, దానిని హైపోథాలమిక్ హమార్టోమా అందురు. ఇది క్యాన్సరు కాదు, అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల దోషమును కాదు. సుమారు 2 లక్షల మందిలో ఒకరికి మాత్రమే కలుగును. ఆ ముద్దలో చెలరేగు విద్యుత్ప్రేరణలే సంతోషము లేని నవ్వును పుట్టించును. కొందరు పిల్లలకు యౌవన లక్షణములు అకాలముననే పొడసూపును.

ఎలా కనుగొందురు?

తలపై తీయు ఈఈజీ (మెదడు విద్యుత్పరీక్ష) ఒక్కొక్కప్పుడు సరిగానే కనబడును గనుక, ఎమ్మారై చిత్రమే ప్రధానాధారము. నవ్వు వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసి కర్నూలు సర్వజన వైద్యశాల వంటిచోట నాడీవైద్యునకు చూపుట మిక్కిలి ఉపకరించును.

ఎలా నయమగును?

ఈ మూర్ఛలు మందులకు తరచుగా లొంగవు. అపుడు శస్త్రచికిత్సయో, గామా కిరణములో, లేజరో శరణ్యము. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహమునకు హాని కలుగకుండ వలసిన పెళ్లనే తొలగించునట్లు, సన్నని లేజరు తంతువు ఎమ్మారై పర్యవేక్షణమున పరిసర భాగములను కాపాడుచు ఆ ముద్దనే వేడితో నశింపజేయును. అకాల యౌవనమును ఇంజెక్షన్లతో నిలుపుదురు.

ఏ విధమైన మూర్ఛయైనను మీ సహాధ్యాయికి వచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టకుడు, నోటిలో ఏమియు వేయకుడు. పక్కకు త్రిప్పి పరుండబెట్టుడు, 5 నిమిషములు దాటినచో 108కు ఫోను చేయుడు.