గాడ్జిల్లాయు, మా గోదావరి సినిమాచెట్టును

సినిమా చూచుట వట్టి కాలక్షేపమని పలువుర యభిప్రాయము. కాని మనసునకు హత్తిన కథ యేదైనను, అది నడచిన తావును కన్నులార చూడవలెనను కోరిక సహజము. రామకథ విన్నవారు పర్ణశాలకు పోగోరుటయు నిట్టిదే కదా!

ఈ కోరికను జపానువారు చక్కగా నెరిగిరి. 1954లో తోహో సంస్థవారు ఇషిరో హోండా దర్శకత్వమున ‘గాడ్జిల్లా’ను తీసిరి. హైడ్రోజను బాంబు పరీక్షలచే సముద్రమునుండి లేచిన మహాభూతము టోక్యో నగరమును ధ్వంసము చేయుట యందలి కథ. రబ్బరు తొడుగు ధరించిన నటుడు బొమ్మయిండ్లను త్రొక్కుచుండగా, మా యింటి పిల్లలు మొదట నవ్విరి. మంటల నడుమ నొక తల్లి బిడ్డలను హత్తుకొని, నాన్నగారి కడకే పోవుచున్నామని యూరడించునప్పుడు ఎల్లరమును మౌనము వహించితిమి. 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములు పడిన బాధయే ఆ భూతమునకు ప్రాణము.

మన ‘మాయాబజార్’ 1957 నాటిది. అందు ద్వారకయు బొమ్మయిండ్లతో కట్టినదే. మార్కస్ బార్ట్‌లీ గారి ఛాయాగ్రహణ నైపుణ్యమున నది నిజమైన నగరమువలె మెరసినది. బొమ్మలతో వారు భయమును, మనవారు ఆహ్లాదమును సాధించిరి.

ఆవాజి ద్వీపమందలి యుద్యానవనములో 2020లో గాడ్జిల్లాను సుమారు 55 మీటర్ల పొడవున నిర్మించిరి. సందర్శకులు తీగెపై జారుచు దాని నోటిలోనికి పోవుదురు. హైదరాబాదు చెంత మనకును రామోజీ ఫిలిం సిటీ కలదు. అవి యన్నియు టిక్కెట్టు కొని చూడదగిన కల్పనలు.

మా సీమలోనిది కల్పన కాదు. కొవ్వూరు చెంత కుమారదేవమున, గోదావరి గట్టుమీద నూటయేబది యేండ్ల నిద్రగన్నేరు చెట్టొకటి యుండెడిది. దాని నీడను మూడువందలకు పైగా చిత్రములు తీసిరని చెప్పుదురు. అందుచే జనులు దానిని సినిమాచెట్టనిరి. ఎందరో నాయికానాయకులు దాని క్రింద పాడిరి. చూడవచ్చినవారు దాని క్రిందనే చలిది మూటలు విప్పిరి. అట్టి చెట్టు 2024 ఆగస్టు 5వ తేదీన, వరదల దినములలో నేల కూలినది. గ్రామస్థులు ఆత్మబంధువు పోయినట్లు దుఃఖించిరి. పిమ్మట రాజమహేంద్రవరపు రోటరీ సభ్యులు మొదటికి చికిత్స చేయింపగా, కొన్ని నెలలకు చిగుళ్ళు తొడిగినది.

రబ్బరు బొమ్మ చిరిగినచో మరల కుట్టవచ్చును. ఇంతటి నీడ మరల కావలెనన్న మూడు తరములు వేచియుండవలెను. కావున పిల్లలతో అచ్చటికి పోవు తల్లులకు మా మనవి యొక్కటే: చిగురు త్రుంపనీయకుడు, బెరడుపై పేర్లు చెక్కనీయకుడు, విస్తరాకులును కాగితములును మరల మూటగట్టి తెచ్చుకొనుడు. పాత చిత్రములలోని యా నిండుచెట్టును ముందుగా ఇంట చూపి, పిదప ఆ లేచిగుళ్ళను చూపుడు. చెట్టును కాపాడవలెనని వారికి వేరుగా బోధింపనక్కరలేదు.