ఇంటి పర్మిషన్ తేలేది ఎక్కడ?

హైదరాబాద్ శివార్లలో ఒక స్థలంలో ఇల్లు కట్టవచ్చా లేదా అన్నది దరఖాస్తు పెట్టకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. తేల్చేది మాస్టర్ ప్లాన్. 2013లో నోటిఫై అయిన హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్లాన్, 2031ని లక్ష్యంగా పెట్టుకుని, ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చెబుతుంది. నివాస జోన్ అయితే చిక్కు లేదు. కన్జర్వేషన్ జోన్ ప్రధానంగా సాగుభూమి కోసం. అక్కడ కాలనీ వేయాలంటే భూ వినియోగ మార్పిడికి ప్రభుత్వం దాకా వెళ్లాలి. రిజిస్ట్రేషన్ కాగితం యాజమాన్యాన్ని చూపుతుంది, కట్టుకునే హక్కును ఇవ్వదు. కొనుగోలుదారులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటైతే ముందు లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద దాన్ని క్రమబద్ధీకరించుకోవాలి.

జోన్ కుదిరాక రోడ్డు సంగతి. ముంబై, చెన్నైలలో ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ఇంత నిర్మాణమే అని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల ఆ లెక్క లేదు. ఎదుట రోడ్డు ఎంత వెడల్పు, ప్లాటు ఎంత, చుట్టూ ఎంత ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలారు అన్నవే ఎత్తును నిర్ణయిస్తాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉన్నది హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల ప్లాటు, 12 మీటర్ల రోడ్డు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా వెడల్పు రోడ్డు అడుగుతుంది. నగర పశ్చిమ శివారు కోకాపేటలో అంతెత్తు టవర్లు లేవడానికి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోవడం ఒక ముఖ్య కారణం.

అక్కడికి దగ్గరలోనే దీనికి పూర్తి వ్యతిరేకమైన విధానం నడిచింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద కాలనీలను అడ్డుకుంది. నగరం తాగే నీటికి అది కాపు. పొరుగు ఊళ్ల ధరలు తమ పొలాలకు రాని రైతులకు మాత్రం నష్టం. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది.

ఇక భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్‌-బీపాస్ చట్టం మార్చింది అనుమతి వచ్చే వేగాన్నే. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. సుమారు 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆపైన 21 రోజుల గడువు. జోన్, రోడ్డు, సెట్‌బ్యాక్ నిబంధనలు అలాగే ఉన్నాయి. సరిచూసుకునే బరువు మాత్రం యజమాని మీదికి వచ్చింది. ధ్రువీకరణ తప్పని తేలితే ముందస్తు నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది.