పుటానికి నిలిచిన మాట

మధ్య భారతంలోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. మన రైళ్ళు పరుగెత్తే పట్టాలలో అధిక భాగం దశాబ్దాలుగా అక్కడ తయారైనవే. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె సాగి పట్టా రూపం దాల్చినంత మాత్రాన పని ముగియదు. మచ్చుకు ఒక తునకను కోసి, రెండు ఆధారాలపై ఉంచి, దానిపై పెద్ద బరువును ఎత్తునుండి జారవిడుస్తారు; అది విరగరాదు. చెవికి వినిపించని శబ్దతరంగాలను పంపి, పట్టా లోపల దాగిన పగుళ్ళను వెదకుతారు. ఇవన్నీ దాటిన పట్టాకే అంగీకార ముద్ర పడుతుంది.

పరీక్ష, దానిలో నెగ్గుట, నెగ్గినదని లోకం ఒప్పుకొనుట: ఈ మూడింటినీ ఇముడ్చుకొన్న పదకుటుంబం ప్రాచీన గ్రీకులో ఉన్నది. నెగ్గినది ‘దొకిమోస్’, నెగ్గనిది ‘అదొకిమోస్’. ఏథెన్స్ నగరంలో నాణెములు మంచివో కావో తేల్చే ఉద్యోగి ‘దొకిమస్తేస్’. క్రీస్తుపూర్వం 375 నాటి ఒక చట్టం ప్రకారం అతడు అంగడిలో కూర్చొనే ప్రభుత్వ బానిస! అధికారులను పదవి చేపట్టుటకు ముందు విచారించే పద్ధతికి కూడ ‘దొకిమసియ’ అనియే పేరు.

ఈ కుటుంబానికే చెందిన ‘దొకిమియోన్’ కొత్త నిబంధనలో రెండే చోట్ల కనిపిస్తుంది: యాకోబు పత్రిక 1:3లో, పేతురు మొదటి పత్రిక 1:7లో. ఉద్యోగార్థం భిలాయ్ చేరిన తెలుగు కుటుంబాలలో బైబిలు చదివేవారికి ‘శోధన’, ‘పరీక్ష’ అనే మాటలు పరిచితాలే. యాకోబు పత్రిక తెలుగు పాఠంలో మొదటిది ‘పెయిరస్మోస్’కు, రెండవది ‘దొకిమియోన్’కు వాడబడినవి.

చిక్కంతా పేతురు వాక్యంలోనే ఉన్నది. అక్కడ బంగారం కంటె విలువైనది ఏది? పరీక్షయే అయితే, కష్టాలను కోరి తెచ్చుకొనుటయే భక్తి కావలసి వస్తుంది. బాధలో ఉన్నవానికి ఇంతకంటె కఠినమైన ఉపదేశం ఉండదు. జర్మన్ పండితుడు అడోల్ఫ్ డైస్‌మన్ 1897లో ప్రకటించిన గ్రంథంలో ఈ ముడి విప్పినాడు. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ పత్రాలలో ‘దొకిమియోస్’ అనే విశేషణం బంగారానికి వాడబడినది. దాని అర్థం ‘మేలిమి’. అనగా పేతురు విలువకట్టినది కొలిమిని కాదు, కొలిమిలో మిగిలిన మేలిమిని. బంగారానికి పుటం పెట్టే కంసాలి వంశాలున్న మన దేశంలో ఈ భేదాన్ని విప్పి చెప్పవలసిన అవసరమే లేదు.

అయినను ఇట్టి మాటలన్నిటికీ ఇదే భాగ్యం పట్టలేదు. గీటురాయికి గ్రీకులో ‘బసనోస్’ అని పేరు. క్రమంగా ఆ మాటకు బానిసలనుండి నిజం రాబట్టుటకై పెట్టే చిత్రహింస అనే అర్థం వచ్చినది. కొత్త నిబంధనలో దానికి మిగిలినది యాతన అనే అర్థమే. పరీక్ష మేలిమికోసమన్న సంగతి మరచినచో మాట ఎక్కడికి దిగజారుతుందో దీని చరిత్రలో చూడవచ్చును.

రోమా సంఘానికి వ్రాసిన పత్రిక చివర పౌలు పలువురికి వందనాలు చెప్పినాడు. వారిలో అపెల్లెస్ అనే అతని పేరు ప్రక్కన ‘దొకిమోస్’ అని చేర్చినాడు. అతడు ఎదుర్కొన్న పరీక్ష ఏదో మాత్రం వ్రాయలేదు.