చలి పంటకు ముందు షెడ్డు పైకప్పు: చుక్క అన్నిసార్లూ పైనుంచే రాదు



హోసూరు, దెంకణికోట, ములబాగల్, చింతామణి, శిడ్లఘట్ట వైపు మనకు పెద్ద వాన ఒకసారితో అయిపోదు. ముంగారు వానలు పోయినాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం వానలు. వాటి వెనకాలే చలి. మనది 800 మీటర్ల పైన ఉండే మెట్ట సీమ కాబట్టి, డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున 15 డిగ్రీల కిందికి దిగే రోజులు ఉంటాయి. ఈ మూడు నాలుగు నెలల్లో పంట పోగొట్టుకునే ఇండ్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "సున్నపుకట్టు తగిలింది." పురుగు గట్టిపడి సుద్దముక్క లాగా తెల్లగా అయిపోయే ఆ రోగం బూజు వల్ల వచ్చేది. ఆ బూజుకు కావలసింది చలి, చెమ్మ. ఆ రెండూ షెడ్డులోకి వచ్చే దారిలో మొదటిది పైకప్పు.

అందుకని ఈసారి మందుల సంగతి పక్కన పెట్టి కప్పు సంగతి రాస్తున్నాము.

*ముందు తెలుసుకోవలసింది: ఇది కారుడా, చెమటా?*

పడక మీద చుక్క పడితే మనం వెంటనే "కప్పు కారుతోంది" అంటాము. అన్నిసార్లూ అది నిజం కాదు. ఎండాకాలంలో ఐసునీళ్ళు పోసిన స్టీలు చెంబు బయట చెమ్మ పడుతుంది కదా, చెంబు కారి కాదు. చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి చల్లటి చెంబుకు తగిలి నీళ్ళయింది. షెడ్డులో కూడా అదే జరుగుతుంది. రాత్రి రేకు బయట చల్లబడుతుంది, లోపలి వెచ్చటి ఆవిరి పైకి పోయి దానికి తగిలి చుక్కలవుతుంది.

అంత ఆవిరి ఎక్కడిది? లెక్క వేయండి. మల్బరి ఆకులో నూటికి 70 పాళ్ళకు పైన నీళ్ళే. 100 గుడ్ల పంటకు సుమారు 1,000 కిలోల ఆకు అనుకుంటే, అందులో 800 కిలోల వరకు అయిదో దశలోనే తింటాయి. అంటే ఆ ఏడెనిమిది రోజుల్లో 500 కిలోలకు పైన నీళ్ళను మనమే మోసుకొచ్చి షెడ్డులో పోస్తున్నాము. కొంత పురుగు ఒంట్లో ఉంటుంది, కొంత పెంటలో పోతుంది, మిగిలింది గాలిలోకి లేస్తుంది. దానికి బయటికి దారి లేకపోతే కప్పుకు పట్టుకుని మళ్ళీ పడక మీదికే దిగుతుంది.

రెండింటికీ తేడా ఇట్ల కనిపెట్టవచ్చు:

1. వాన పడినప్పుడే, ఒకే చోట పడితే కారుడు. ఆ చోట వాసం మీద గోధుమ రంగు మరక కూడా ఉంటుంది.
2. వాన లేని రోజు తెల్లారుజామున, రేకు పొడుగునా, బోల్టుల కొసలకు తేట చుక్కలు వేలాడితే అది చెమట. ఎండ ఎక్కినాక అదే ఆరిపోతుంది.

ఇది తెలియకనే చాలామంది చెమట పట్టే కప్పుకు ఉన్న సందులన్నీ మూసేస్తారు. అప్పుడు చెమట ఇంకా ఎక్కువవుతుంది.

*కారుడుకు చేయవలసినవి*

జూలైలో కారలేదు కాబట్టి ఇప్పుడూ కారదు అనుకోకండి. ముంగారులో గాలి పడమర, నైరుతి నుంచి కొడుతుంది. ఈశాన్యం వానల్లో ఉత్తరం, తూర్పు వైపు వాలు మీద జల్లు కొడుతుంది. అప్పుడు తడవని వైపు ఇప్పుడు తడుస్తుంది. ఆ రెండు వాలులూ ముందు చూడండి.

మంగళూరు పెంకుల కప్పు అయితే: మిట్ట మధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి లోపల నిలబడి పైకి చూడండి. వెలుగు చుక్క కనబడిన చోటల్లా దగ్గరి రీపరు మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఎలుక, కోతి జరిపిన పెంకును సరి చేస్తే సగం పని అయిపోతుంది. బీట ఇచ్చిన పెంకును సిమెంటుతో పూయవద్దు, మార్చేయండి. కొప్పు మీద వంపు పెంకుల దగ్గర గచ్చు విడిచి ఉంటే అది మాత్రం కొత్తగా వేయించండి. చెదలు పట్టిన రీపరు మీద కొత్త పెంకు పెట్టినా లాభం లేదు, ముందు కర్రను మార్చాలి. ఉత్తరం వైపు పాచి పట్టి ఉంటే పొడి చీపురుతో గీకి తీయండి. పాచి ఉన్నన్నాళ్ళూ పెంకు ఆరదు.

రేకుల కప్పు అయితే: నీళ్ళు దిగేది ఎక్కువగా బోల్టు బొక్క దగ్గరే. ఎండకు వాషరు గట్టిపడి చీలి ఉంటుంది. వాషరు మార్చండి, తుప్పు బోల్టు మార్చండి. రేకు మీద రేకు నిలువున కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కి ఉండాలి. తక్కువ ఉంటే ఎదురుగాలికి నీళ్ళు పైకి ఎక్కి లోపల పడతాయి.

ఎక్కడ కారుతుందో అంతు చిక్కకపోతే పైపుతో నీళ్ళు పట్టి చూడండి. చూరు దగ్గర మొదలుపెట్టి వరస వరసగా పైకి పోవాలి. పైనుంచి పోస్తే అన్ని వరసలూ ఒకేసారి తడిసి ఏమీ తెలియదు.

చూరు నీళ్ళు గోడ మొదట్లో పడి నిలవకుండా చిన్న కాలువ తీయండి. గోడ కిందనుంచి పీల్చుకున్న చెమ్మ కూడా లోపలికే వస్తుంది.

*చెమటకు చేయవలసినవి*

మొదటిది, కొప్పు దగ్గర దారి. వెచ్చటి ఆవిరి పైకే పోతుంది కాబట్టి బయటికి పోయే సందు కూడా పైనే ఉండాలి. కొప్పు కింద, రెండు కొసల ముక్కోణపు గోడల్లో జాలీ ఉంటే దాన్ని మూయవద్దు. వాన జల్లు పడకుండా బయట చిన్న రేకు వాలుగా పెట్టండి, ఊజి ఈగ రాకుండా నైలాన్ వల కట్టండి. గాలి లోపలికి వచ్చే సందు కింద ఉండాలి, కానీ పడక ఎత్తులో వద్దు. చలిగాలి సూటిగా పురుగు మీద కొట్టరాదు. రాత్రి గోనె పట్టలు దించేది ఆ పడక ఎత్తు కిటికీలకు మాత్రమే.

రెండోది, రేకుకు, ఆవిరికి మధ్య ఒక తెర. రేకు కింద ఒక అడుగు ఎడంతో గోనె పట్టలు గానీ, కొబ్బరి మట్టల తడికె గానీ, థర్మోకోల్ గానీ కట్టవచ్చు. తెరను ఒక వైపుకు వాలుగా కట్టండి. చెమ్మ పడినా గోడవైపు జారిపోతుంది, పడక మీద పడదు. ప్లాస్టిక్ షీటు సాగదీసి కడితే దాని కిందనే చెమట పడుతుంది, మనం తప్పించాలనుకున్నది మళ్ళీ వచ్చినట్టే. బోద గడ్డి పైన కప్పితే కూడా చల్లదనం లోపలికి దిగదు, కానీ నిప్పు విషయంలో జాగ్రత్త.

*బొగ్గుల కుంపటి*

ఇది గట్టిగా చెప్పాలి. చలికి షెడ్డు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టి, అక్కడే పడుకునేవాళ్ళు ఉన్నారు. బొగ్గు పొగ కనబడకపోయినా విషగాలి ఉంటుంది. వాసన లేదు, దగ్గు రాదు, నిద్రలోనే మనిషి పోతాడు. కుంపటి బయట రాజేసి నిప్పులు బాగా ఎర్రబడినాక లోపల పెట్టినా ఆ ప్రమాదం పోదు. కొప్పు సందు, కింది సందు తెరిచే ఉండాలి, ఆ షెడ్డులో ఎవ్వరూ పడుకోరాదు. కరెంటు హీటరు వాడేవాళ్ళకు విషగాలి భయం లేదు, చెమట సంగతి మాత్రం అదే.

*ఎంత వేడి, ఎంత తేమ?*

చాకీ పురుగుకు 26 నుంచి 28 డిగ్రీలు, తేమ 80 నుంచి 90. నాలుగో దశకు 25 డిగ్రీలు, తేమ 70 నుంచి 75. అయిదో దశకు 23, 24 డిగ్రీలు, తేమ 65 నుంచి 70. పండు పురుగు చంద్రిక ఎక్కినాక 24, 25 డిగ్రీలు, తేమ 60 నుంచి 65 చాలు. మీటరును గోడకు కాదు, పడక ఎత్తులో వేలాడదీయండి.

చంద్రిక మీద ఉన్నప్పుడు కప్పు చెమట పడితే రోగం రాకపోయినా నష్టమే. చెమ్మలో కట్టిన గూడులో దారం ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటుంది, తీసేటప్పుడు తెగుతుంది. రామనగర అయినా శిడ్లఘట్ట అయినా, మార్కెట్టులో రీలరు గూడు చూసి రేటు తగ్గించేది అక్కడే.

*పని వరస*

కప్పు పని పంటకు, పంటకు నడుమనే పెట్టుకోండి. ముందు కప్పు రిపేరి, తరవాత దుమ్ము దులిపి కడగడం, ఆ తరవాతే మందు కొట్టడం. మందు కొట్టినాక కప్పు కదిలిస్తే పాత దుమ్ము, దానితో బూజు విత్తనాలు మళ్ళీ కిందపడతాయి. లీటరు నీళ్ళకు 20 గ్రాముల బ్లీచింగు, 3 గ్రాముల తడిపిన సున్నం (స్లేక్డ్ లైమ్) కలిపి కప్పు లోపలి వైపుకు, వాసాలకు కూడా కొట్టండి. చాలామంది గోడలతో ఆపేస్తారు. బ్లీచింగు ఇనుమును తింటుంది, కాబట్టి బోల్టులను, స్టాండ్లను తరవాత నీళ్ళతో కడిగేయండి.

పైకి ఎక్కేవాళ్ళు ఒక్కరే ఎక్కవద్దు, తడి పెంకు మీద అసలు వద్దు. సిమెంటు రేకు మీద సూటిగా అడుగు పెట్టకుండా పలక వేసుకుని, బోల్టుల వరస మీదనే నడవాలి. పాత ఆస్బెస్టాస్ రేకును కోయవద్దు, పొడిగా బొక్క పెట్టవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. తప్పనిసరి అయితే తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని చేయండి.

రేపు తెల్లారుజామున అయిదుకు టార్చి పట్టుకుని షెడ్డులోకి పోయి ఒకసారి కప్పు చూడండి. చుక్కలు ఎక్కడ ఉన్నాయి, కొప్పు దగ్గరా, చూరు దగ్గరా, పొడుగునానా? ఫోటో తీసి పెట్టండి, లేదా వాయిస్ పెట్టండి. పెంకా, రేకా, షెడ్డు ఏ దిక్కుకు ఉంది అనేది కూడా చెప్పండి. ఏం చేయవచ్చో అందరం కలిసి చూద్దాము.