క్షీరద కణాల్లో జన్యు సవరణ – జన్యు పఠనం: ఉప్పల్, నాచారం పరిశోధనల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రవేశిక:
హైదరాబాదు తూర్పు భాగాన, ఉప్పల్ రోడ్డులో ఉన్న సీసీఎంబీ 1977లో ఏర్పడింది. వంశపారంపర్య వ్యాధులను నిర్ధారించే సీడీఎఫ్‌డీ చాలాకాలం నాచారంలో పనిచేసి, తరువాత ఉప్పల్‌లోని సొంత ప్రాంగణానికి చేరింది. ఈ సంస్థలు బలపరచిన జన్యు పఠనమే సురక్షితమైన జన్యు సవరణకు పునాది అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సవరణ విధానం:
1980ల్లో కాపెక్కి, ఇవాన్స్, స్మితీస్‌ల కృషి వల్ల ఎలుక పిండ మూలకణాల్లో కోరిన జన్యువును మార్చడం సాధ్యమైంది. అయితే ఆ మార్పు కోరిన చోట జరిగే కణాలు అత్యల్పం. 2012లో డౌడ్నా, షార్పెంటియే బృందం వివరించిన క్రిస్పర్ పద్ధతి 2013 నాటికి మానవ కణాల్లోనూ ఫలించింది. ఇందులో గైడ్ ఆర్‌ఎన్‌ఏలోని 20 అక్షరాలు డీఎన్‌ఏలో తమకు సరిపోలే చోటును వెదుకుతాయి. ఆ చోటు పక్కనే ‘ప్యామ్’ అనే చిన్న గుర్తు ఉంటేనే క్యాస్9 ఎంజైము రెండు పోగులనూ కత్తిరిస్తుంది. కణం తెగిన కొసలను హడావుడిగా అతికిస్తే కొన్ని అక్షరాలు పోవడమో చేరడమో జరిగి జన్యువు పనిచేయకపోవచ్చు. సరైన నమూనా డీఎన్‌ఏను అందిస్తే, దానిని చూసి కణం తప్పును దిద్దుకోగలదు.

3. రెండు రక్తవ్యాధులు:
సికిల్ సెల్ వ్యాధికి మూలం బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం. బీటా తలసేమియాకు కారణమైన మార్పులు 200కు పైగా ఉన్నాయి. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క చికిత్స రూపొందించడం కష్టం. అందుకే 2023లో బ్రిటన్, అమెరికాలు ఆమోదించిన క్యాస్‌జెవీ వేరొక దారి పట్టింది. రోగి రక్త మూలకణాల్లో బీసీఎల్11ఏ జన్యు నియంత్రకాన్ని కత్తిరించి, పుట్టిన తరువాత అణగిపోయే గర్భస్థ హిమోగ్లోబిన్‌ను అది తిరిగి మేల్కొలుపుతుంది.

4. ఎవరి జన్యుపటం?
గైడ్‌ను సాధారణంగా ఒక ప్రామాణిక జన్యుపటం ఆధారంగా రూపొందిస్తారు. వ్యక్తిలో ఉన్న ఒక్క అక్షరపు భేదం వల్ల ఆ పటంలో లేని ప్యామ్ గుర్తు ఏర్పడవచ్చు. అప్పుడు అనుకోని చోట కోత పడే ప్రమాదముంది. సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వికుల నుండి విస్తరించిన జాడలను బలంగా చూపాయి. అంతర్వివాహాల వల్ల ఇటువంటి సమూహాల్లో కొన్ని అరుదైన భేదాలు తరచుగా కనిపిస్తాయి. పరదేశపు పటంలో ఇవి నమోదు కాకపోవచ్చు.

5. ముగింపు:
కత్తెర ఎంత పదునైనదైనా, ఎక్కడ కత్తిరించాలో చెప్పేది పఠనమే. రోగిలోని మార్పును గుర్తించే నిర్ధారణ, సమూహాల భేదాలను నమోదు చేసే జన్యు అధ్యయనం, ఈ రెండూ ముందు నడిస్తేనే సవరణ మన రోగులకు సురక్షితమవుతుంది. కాబట్టి భారతీయ జన్యుపటాలతో గైడ్‌లను సరిచూడటం చికిత్సకు ముందు తప్పనిసరి కావాలి.