వాన పడినా నీరు నిలవని కొండ

ఎడారి అంటే మనకు ఇసుకతిన్నెలే గుర్తొస్తాయి. మొక్కకు మాత్రం వేరుకు తడి అందని చోటల్లా ఎడారే. తిరుపతిని ఆనుకున్న శేషాచలం కొండలకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వానలిస్తాయి. కానీ కొండలో చాలావరకు క్వార్ట్‌జైట్ రాయి, పైన మట్టి పలచన. నీరు రాతి పగుళ్లలోకి జారి దిగువన ఊటగా తేలుతుంది. అందుకే ఈ కొండల్లోని తలకోన లోయలో పచ్చదనం ఉన్నప్పుడే పైవాలు ఎండిపోయి కనిపిస్తుంది.

ఇక్కడి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 1989లో ఏర్పడింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. తలకోన జలపాతం కోసం అందరూ వానల తర్వాత వెళతారు. నేనైతే ఎండలు ముదరకముందే, పొద్దున్నే వెళ్లమంటాను. మొక్కల అసలు నేర్పు కనబడేది అప్పుడే. కొండ సాంబ్రాణి చెట్టు ఆకులన్నీ రాల్చేసి, మోడుగా ఉండగానే పూస్తుంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం కూడా ఎండాకాలం ముందే ఆకు రాలుస్తుంది. ఆకు లేకపోతే ఆవిరయ్యే నీరూ ఉండదు.

ఆకులు దాదాపు లేకుండానే ఏడాదంతా పచ్చగా ఉండేవి బ్రహ్మజెముడు, నల్లేరు. వీటి పద్ధతి చిత్రమైనది. బొగ్గుపులుసు వాయువు కోసం మొక్క తన రంధ్రాలు తెరిస్తే నీరూ బయటికి పోతుంది. పగటి ఎండలో అది పెద్ద నష్టం. అందుకే ఇవి రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, ఆ వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసి, ఆ నిల్వతోనే ఎండలో చక్కెర తయారుచేసుకుంటాయి. ఈ రహస్యపు తొలి జాడల్లో ఒకటి మన రణపాల ఆకులోనే దొరికింది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హైన్, ఆ ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుందని గమనించాడు. ఆయన లేఖ 1815లో అచ్చయింది.

బ్రహ్మజెముడును చూసి చాలామంది కాక్టస్ అనుకుంటారు. అసలు కాక్టస్ అమెరికా నుంచి వచ్చిన నాగజెముడు. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఒకే రకం కరువు వేర్వేరు ఖండాల్లో రెండింటికీ ఒకే రూపమిచ్చింది. తేడా తెలియాలంటే గాయం చూడాలి: బ్రహ్మజెముడుకు తెల్లపాలు కారతాయి. వాటిని తాకకండి, కంట్లో పడితే ప్రమాదం.

రాత్రిని వాడుకునేవి ఇక్కడ మొక్కలే కాదు. ఊటల దగ్గరి రాతి పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది. అదీ రాత్రి తిరిగే జీవి. గుడ్లను రాతికి గుంపులుగా అతికిస్తుంది.

ఎండకు తోడు ఇక్కడి మొక్కలు మంటలనూ తట్టుకోవాలి. ఈ కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమై అనే మొక్క అడవి మంటల్లో ఆకులు కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఎర్రచందనం లేతమొలకకు ఆ శక్తి తక్కువ. ఎండాకాలంలో ఇక్కడ రేగే మంటలు చాలావరకు మనిషి వేసినవే. వెళ్లేవారు అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లాలి.