ఉత్తరించు స్థలం: కొన్ని విశేషాలు

పర్గేటరీ అనగానే చాలామంది అదేదో నరకానికి చిన్న బ్రాంచి అనుకుంటారు. కానే కాదు. కతోలిక బోధ ప్రకారం అక్కడికి చేరిన ఆత్మకు పరలోకం ఖాయం. ఇంకా మిగిలిన మలినం పోయేదాకా ఆగాలి, అంతే. మన కతోలికులు దాన్ని ‘ఉత్తరించు స్థలం’ అంటారు. అసలు పేరు లాటిన్‌ది, శుభ్రం చేయడం అనే అర్థమున్న ‘పుర్గారే’ నుంచి పుట్టింది.

తమాషా ఏమిటంటే, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం పాతది, ఈ పేరే కొత్తది. ‘శుద్ధిచేసే అగ్ని’ అన్న మాట ముందునుంచీ ఉన్నా, ‘పుర్గతోరియుం’ అని ఒక చోటుకు పేరు పెట్టింది 1170–1180 మధ్య పారిస్ పండితులేనని ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ లెగోఫ్ వాదించాడు. అందుకోసం 1981లో ఓ లావుపాటి పుస్తకమే వేశాడు. నవంబర్ 2న మనవాళ్లు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారే, ఆ తేదీ అంతకన్నా పాతది. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓదిలో 998 ప్రాంతంలో దాన్ని తన మఠాలన్నిటికీ ఖరారు చేశాడు.

దీనికి బైబిల్ ఆధారం అడిగితే కతోలికులు మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం తీస్తారు. యుద్ధంలో పడిపోయిన సైనికుల చొక్కాల కింద విగ్రహాల తాయెత్తులు దొరికాయట. వాళ్ల పాపపరిహార బలి కోసం వాళ్ల నాయకుడు యూదా 2,000 వెండి ద్రాక్మాలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. చిక్కేమిటంటే ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఆ గ్రంథమే లేదు! ఇక వాదన తెగేదెలా?

డబ్బు మాట వచ్చింది కాబట్టి: పాపాలకు పడే శిక్షను తగ్గించే పాపపరిహార పత్రాలు చనిపోయినవాళ్లకూ పనిచేస్తాయని 1476లో పోపు నాలుగో సిక్స్టస్ ప్రకటించాడు. రోమ్‌లో పునీత పేతురు దేవాలయం కట్టడానికి ఆ పత్రాల మీద వసూళ్లు జరిగాయి. 1517లో లూథర్ 95 వాదాలతో ఎదురుతిరిగింది ఈ బేరం మీదే. అప్పటికి ఆయన ఉత్తరించు స్థలాన్ని కాదనలేదు, 1530లోగానీ దాన్ని కొట్టిపారేస్తూ రాయలేదు. 1563లో ట్రెంట్ మహాసభ ఆ నమ్మకాన్ని నిలబెట్టింది, దాని పేరుతో చేసే నీచమైన సంపాదన మాత్రం కూడదంది.

నేపుల్స్ జనం మరో దారి పట్టారు. ఫొంతనెల్లె గుహల్లో అనాథ పుర్రెలను దత్తు తీసుకుని, తుడిచి, పువ్వులు పెట్టి, వాటి ఆత్మల కోసం ప్రార్థించేవారు. ఊరికే కాదు, బదులుగా లాటరీ నంబర్లు అడిగేవారు. 1969లో అక్కడి కార్డినల్ ఈ ఆచారాన్ని నిషేధించాడు.

ఇంతకీ అదెక్కడుంది? దాంతే తన కావ్యంలో దక్షిణార్ధగోళంలో సముద్రం మధ్య కొండగా చూపించాడు. పోపు రెండో జాన్ పాల్ మాత్రం అది స్థలం కాదని, ఒక స్థితి అని 1999 ఆగస్టు 4న తేల్చి చెప్పాడు. దాంతే కొండకన్నా నాకు ఈ మాటే నచ్చుతుంది.

చోటు లేకపోయినా దానికో మ్యూజియం ఉంది. 1897లో రోమ్‌లోని ఒక ప్రార్థనాలయంలో నిప్పంటుకుంటే, ఆరిపోయాక గోడ మీద మనిషి ముఖంలాంటి మరక కనిపించింది. ఫాదర్ విక్టర్ జుయే అది శుద్ధి పొందుతున్న ఆత్మేనని నమ్మి, యూరప్ అంతా తిరిగి ఇలాంటి ‘సాక్ష్యాలు’ పోగేశాడు. కాలిన వేళ్ల గుర్తులున్న ప్రార్థనా పుస్తకాలు, బట్టలు అందులో ఉన్నాయి. రోమ్ వెళ్తే టైబర్ నది ఒడ్డున సాక్రో క్వోరె దెల్ సుఫ్రాజియో చర్చి అని అడగండి, గది చిన్నదే.